ఇంటి గొంతు

టీచరమ్మ చేసిన ఆఖరి మామూలు పని, చెక్కగోడ కన్నంలోంచి ఒక సుద్దముక్కను అవతలికి తోయడం.

ఆ రెండు తరగతి గదుల మధ్య ఉన్నది ఇటుకగోడ కాదు. బల్లచెక్కలు వరసగా దిగ్గొట్టిన అడ్డు. ఒక చెక్కలో ముడి ఊడిపోయి వేలు దూరేంత కన్నం పడింది. ఇటువైపు లెక్కల మాస్టారు ఏడో తరగతి చెప్పేవారు. ఆయన చేతిలో సుద్ద కర్పూరంలా హరించుకుపోయేది. అటువైపు టీచరమ్మ ఐదో తరగతి. ఆమెకు సుద్దతో పెద్ద పని ఉండేది కాదు, అంతా నోటితోనే. ఆయన సుద్ద అయిపోగానే గోటితో చెక్క మీద తట్టేవారు. అవతలి నుంచి ఓ ముక్క ముక్కు బయటపెట్టేది.

ఆ శుక్రవారం చివరి పీరియడ్‌లో కూడా అంతే. తట్టారు, వచ్చింది. కొన కూడా విరగని కొత్త సుద్ద.

“పొడుగుది ఇస్తున్నాను మాస్టారూ. సోమవారం దాకా రావాలి.”

“సోమవారం సంగతి సోమవారం చూద్దాం లెండి. మీవాళ్లేంటి ఇవాళ ఇంత బుద్ధిగా ఉన్నారు? ఒంట్లో బాగాలేదా?”

“భూకంపం పాఠం. ఇప్పుడే మొదలుపెడుతున్నాం. మీ బల్ల గట్టిగా పట్టుకోండి.”

ఆయన పట్టుకునేలోపే చెక్కలన్నీ గడగడలాడాయి. బోర్డు మీద రాస్తున్న సమీకరణం సగంలో వంకర తిరిగి కిందికి జారింది. ఏడో తరగతి నోళ్లు నొక్కుకుని నవ్వింది. మాస్టారు కళ్లజోడు సర్దుకుని, “ఇటు తెచ్చుకున్నారా? గుర్తు మార్చారా? ఇప్పుడు ప్రాణం హాయిగా ఉందా?” అని లెక్క ముగించారు. ఏ లెక్కనైనా ఆయన అలాగే ముగిస్తారు. సమానం గుర్తుకు అటున్నదాన్ని ఇటు తెచ్చి, గుర్తు మార్చి, పిల్లల ప్రాణం హాయిగా ఉందో లేదో కనుక్కుని గానీ తరవాతి లెక్కకు వెళ్లరు.

సోమవారం టీచరమ్మ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం కునుకు తీస్తూ తీస్తూనే వెళ్లిపోయిందని ఇల్లుగలావిడ కబురు చేసింది.

ఆమెను తలుచుకుంటే మాస్టారుకు ఇప్పటికీ ముందు నవ్వే వస్తుంది. మిగిలినదంతా ఆ తరవాత వస్తుంది. ఆమెనడిగినా ఆ వరసే బాగుందనేది.

ఆ బడికి వచ్చిన కొత్తలో ఆమె గొడుగంత మనిషి. చేతిలో గొడుగు కూడా ఉండేది కాబట్టి దూరం నుంచి ఏది ఎవరో పోల్చుకోవడం కష్టం. గొంతు మాత్రం ఇద్దరు మనుషులది. కుట్టుమిషన్ల షాపు వెనక ఒక్కగదిలో అద్దెకుండేది. ముందూ వెనకా ఎవరూ లేరు. “ఇంటికెళ్తే నేనూ నా గొడుగూ. అది నాకన్నా తక్కువ మాట్లాడుతుంది” అనేది.

ఐదో తరగతి అప్పుడు పాఠాన్ని ఒకే రాగంలో చదివేది. నీళ్లు, నిప్పు, ఏనుగు, ఎముక, అన్నీ ఒకే రాగం. చెక్కగోడకు ఇవతల మాస్టారుకు అది పొద్దున్నే పిండిమర తిరుగుతున్నట్టు వినిపించేది. పిండి మాత్రం పడేది కాదు. ఆవిరి అంటే ఏమిటని టీచరమ్మ ఆపి అడిగితే, పిల్లలు ఆ వాక్యాన్నే మళ్లీ మొదటి నుంచి తిప్పేవాళ్లు.

ఒకరోజు బస్సు కండక్టరుగారబ్బాయి వంతు వచ్చింది. వాడు పుస్తకాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని గొణిగాడు.

“గట్టిగా చదవరా. మీ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరా?”

“నాన్న మాట్లాడతాడు టీచర్.”

“ఏం చేస్తారు నాన్న?”

“ఆఫీసు.”

“వాళ్ల నాన్న బస్సు కండక్టర్ టీచర్” అని వెనక బెంచీ నుంచి ఎవడో వాడి గుట్టు కాస్తా బయటపెట్టాడు. క్లాసు కిసుక్కుమంది. వాడి చెవులు ఎర్రబడ్డాయి.

“కండక్టరా? మరి అంత మంచి గొంతు ఇంట్లో పెట్టుకుని ఇక్కడ దోమలా మూలుగుతావేంట్రా? బస్సులో ఏమంటారాయన?”

“జరగండి జరగండి అంటాడు.”

“అయితే ఈ పాఠం ఆయన చెబితే ఎలా ఉంటుంది?”

చెక్కకు ఇవతల మాస్టారు సుద్ద ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి విన్నారు. ఆ తరవాత ఒక బస్సు బయలుదేరింది.

“ఎండొచ్చింది, ఎండొచ్చింది, చెరువులో నీళ్లన్నీ లేవండి. పైకి జరగండి. అయ్యా, మీరు బరువుగా ఉన్నారు, ఇంకాస్త వేడెక్కి రండి. పైన మేఘంలో ఖాళీ ఉందమ్మా, అడ్డంగా నిలబడకండి. చల్లబడినవాళ్లు దిగండి, దిగండి, చూసుకుని దిగండి, కింద గొడుగులున్నాయి.”

ఐదో తరగతి బల్లలు గుద్దింది. ఆవిరి అంటే ఏమిటని ఆ తరవాత ఎవరూ ఎవరినీ అడగాల్సిన అవసరం రాలేదు.

అక్కడితో తూము తెరుచుకుంది. ఎవరింటి గొంతు వాళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పాత సామాన్లు వేలం వేసేవాళ్లమ్మాయి ఆకును వేలంపాటకు పెట్టింది: “పచ్చటి ఆకండీ, వాడినది కాదు. ఎండ ఎవరిస్తారు? గాలి ఎవరిస్తారు? వేరుగారు నీళ్లిస్తామంటున్నారు. ఒకటోసారి, రెండోసారి, చెట్టుకు తిండి ఖాయం.” క్షౌరశాల వాళ్లబ్బాయి భూమిని కుర్చీలో కూర్చోబెట్టాడు. “కాస్త ఇటు తిరగండి సార్, ఈ చెంప మీద వెలుగు పడాలి. ఇది పగలు. ఆగకండి, తిరుగుతూనే ఉండండి. ఆ చెంప? ఆ చెంప ఇప్పుడు నిద్రపోతోంది సార్, దాని జోలికి వెళ్లకూడదు.”

ఏడో తరగతికి లెక్కలు ఎక్కడం మానేశాయి. ఏం చేస్తారు, మాస్టారుకే ఎక్కడం మానేశాయి. ఒకరోజు సమీకరణం చేస్తూ చేస్తూ, “ఐదుగారూ, అడ్డంగా నిలబడకండి, ఇటు జరగండి” అనేశారు. పిల్లలు నోళ్లు వెళ్లబెట్టారు. చెక్క అవతలి నుంచి, “టికెట్ తీసుకున్నారా మాస్టారూ?” అని వినిపించింది.

ఇంటికి వెళ్లాక ఆ రోజు సంగతులన్నీ భార్యకు గొంతులతో సహా వినిపించడం ఆయనకు అలవాటైంది. ఆవిడ కడుపు పట్టుకుని నవ్వి, “ఆ అమ్మాయిని ఆదివారం తీసుకురండి” అంది. టీచరమ్మ వచ్చింది. ఆ రోజు నుంచి ఆవిడ ఆమెకు వదినగారైపోయింది, ఇద్దరూ కలిస్తే మాస్టారుకు చీవాట్లే.

“ఇంట్లో కూడా అంతేనమ్మా. గిన్నె అటునుంచి ఇటు తెచ్చుకున్నావా అంటారు.”

“గుర్తు మార్చమనరా వదినగారూ?”

“గిన్నే మారుస్తాను, ఆయనకేం తెలుస్తుంది.”

ఆ తరగతిలో ఒక అమ్మాయి మాత్రం తన వంతు వస్తే నేల చూపులు చూసేది. టీచరమ్మ రెండు మూడుసార్లు చూసీ చూడనట్టు వదిలేసింది. చివరికి ఒకరోజు ఆ పిల్లే మెల్లగా అంది.

“మా ఇంట్లో గొంతు లేదు టీచర్. అమ్మకీ నాన్నకీ వినపడదు. మాట్లాడరు.”

“మరి అన్నం తిన్నావా అని ఎలా అడుగుతారు?”

ఆ పిల్ల చేత్తో చూపించింది.

“తిన్నానని అబద్ధం చెప్పావనుకో, అప్పుడు?”

ఆ పిల్లకు నవ్వొచ్చింది. వాళ్లమ్మ కోప్పడడం రెండు చేతులతో, కనుబొమలతో, భుజాలతో చూపించింది. అన్ని తిట్లు అంత తొందరగా ఏ నోటితోనూ తిట్టలేం.

“ఇంత గలగలా మాట్లాడే ఇంట్లో గొంతు లేదంటావేంటే? ఏదీ, వాన పాఠం మీ అమ్మ చెప్పినట్టు చెప్పు.”

ఇవతల మాస్టారుకు అనుమానం వచ్చింది. ఐదో తరగతి నుంచి చప్పుడే లేదు. ఇంత కాలంలో అలా ఎప్పుడూ జరగలేదు. ఉండబట్టలేక కన్నానికి కన్ను ఆనించారు. గదిలో పది వేళ్లు పైనుంచి వాన కురుస్తున్నాయి. అరచెయ్యి నేలైంది, నేల తాగింది, చిటికెన వేలు మొలకై లేచింది. క్లాసంతా ఊపిరి బిగబట్టి చూసి, ఒక్కసారిగా, “మళ్లీ, మళ్లీ” అంది.

నెల తిరక్కుండా ఐదో తరగతికి ఆ చేతిమాటలు వచ్చేశాయి. క్లాసులో చెవులు కొరుక్కోవడం అనేది పూర్తిగా అంతరించింది. అవసరం ఏముంది, అల్లరంతా బల్ల కింద వేళ్లతో జరిగిపోయేది. నేల చూపుల పిల్ల ఇప్పుడు వాళ్లందరికీ గురువు, తప్పు పలికినవాళ్ల వేళ్లను పట్టుకుని సరిదిద్దేది.

ఏటా బడి తెరిచిన రోజు మొదటి పీరియడ్ మాత్రం మాస్టారుకు ఆ వినోదం దక్కేది కాదు. కొత్త పుస్తకాలు పంచే పని పెద్దసారు ఆయన నెత్తిన రుద్దారు. ఆయన సామాన్ల గదిలో దుమ్ముకు తుమ్మి తుమ్మి తిరిగొచ్చేసరికి, అవతల కొత్త పిల్లలు కడుపులు చెక్కలయ్యేలా నవ్వుతూ ఉండేవాళ్లు. వరండాలో ఆయన కనబడితే ఒకళ్లనొకళ్లు మోచేతులతో పొడుచుకునేవాళ్లు.

“ఏం చెప్పారండీ వాళ్లకి?” అని ఆయన కన్నంలోంచి అడిగేవారు.

“మొదటిరోజు కదా మాస్టారూ. బెదురు పోగొడుతున్నాను.”

అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

పెద్దసారు అంటే హెడ్మాస్టరు. ఆయనకు నోరు తెరిస్తే క్రమశిక్షణ. ప్రతి రెండు మాటలకూ ఒకసారి ప్యాంటు పైకి లాక్కుని, “అదన్నమాట” అనేవారు. ఆయన ఒకరోజు వరండాలో వెళ్తూ ఆకు వేలంపాట విన్నారు. రెండోసారి దాకా ఆగి, మూడోసారి అనకముందే టీచరమ్మను గదికి పిలిపించారు.

“ఇది బడా, సంతా?”

“రెండింట్లోనూ పిల్లలుంటారు కదండీ.”

“పిల్లల ఇళ్లు ఇళ్ల దగ్గరే ఉండాలమ్మా. ఆ కేకలూ ఆ చేతులూ ఇక్కడికెందుకు? వచ్చే సోమవారం పైనుంచి తనిఖీకి వస్తున్నారు. ఆ రోజు మీ క్లాసు పద్ధతిగా, బడి గొంతుతో చదవాలి. తేడా వచ్చిందో, మీకు క్లాసు ఉండదు. సామాన్ల గది తాళాలు తీసుకుని గంట కొట్టుకుంటూ కూర్చుందురుగాని. అదన్నమాట.”

ఆ మధ్యాహ్నం మాస్టారు తట్టకుండానే కన్నంలోంచి మాట వచ్చింది.

“మాస్టారూ, బడి గొంతంటే ఏది?”

“నాకేం తెలుసండీ. మామూలుగా చదవమనండి, ఒక్కరోజుకే కదా.”

“ఒక్కరోజుకే. మళ్లీ పుస్తకాలు మొహాలకి అడ్డం పెట్టుకుంటారు, అంతే.” కాస్త ఆగి అంది, “సామాన్ల గదిలో కిటికీ కూడా లేదు మాస్టారూ. ఎవరి మాటా వినపడదు.”

ఆ గొంతులో నవ్వు లేకపోవడం ఆయన అప్పుడే మొదటిసారి విన్నారు.

పిల్లలకు ఆమె ముక్తసరిగా చెప్పింది: సోమవారం ఇంటి గొంతులు ఇంట్లో వదిలేసి రావాలి, బడి గొంతుతో చదవాలి.

“బడి ఎవరిల్లు టీచర్?” అంది వేలంపాట అమ్మాయి.

టీచరమ్మ మనసు ఎక్కడో ఉంది. “పెద్దసారుదనుకో” అంది.

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. బల్లల కింద వేళ్లు చకచకా కదిలాయి. సందేహం తీరిపోయింది.

సోమవారం వచ్చింది. తనిఖీ అధికారి పొడుగాటి మనిషి. ఎన్ని బడులు తిరిగి వచ్చాడో, కళ్ల కింద సంచులు చేతిలో సంచి కన్నా బరువుగా ఉన్నాయి. పక్కన పెద్దసారు ఇస్త్రీ చొక్కాలో బిగుసుకుని నిలబడ్డారు. టీచరమ్మ గోడవార గొడుగులా ఆనుకుంది. ఇవతల లెక్కల మాస్టారు ఏడో తరగతికి పెద్ద గుణకారం ఒకటి పడేసి, కన్నం దగ్గర స్టూలు వేసుకున్నారు.

కండక్టరుగారబ్బాయి లేచాడు. పుస్తకం తీశాడు. నిక్కరు రెండు చేతులతో పైకి లాక్కున్నాడు.

“నీరు. నీరు అన్నమాట. ఎండ తగిలిన తక్షణం ఆవిరి కావాలి. ఆవిరి కాని నీటిని తల్లిదండ్రులతో రమ్మంటాం. వరసలో పైకి వెళ్లాలి, తోసుకోకూడదు. క్రమశిక్షణ లేని ఆవిరి మేఘం కాలేదు. అదన్నమాట.”

పెద్దసారు చెయ్యి తన ప్యాంటు మీదికి వెళ్లబోయి మధ్యలో ఆగిపోయింది.

వేలంపాట అమ్మాయి లేచింది. గౌను నడుము పైకి లాక్కుంది. “ఆకు. ఈ ఆకు ఎందుకు ఆలస్యంగా వచ్చింది? ఎండ లేదని సాకు చెబుతుందా? మా చిన్నప్పుడు ఎండ లేకుండానే ఎదిగాం. అదన్నమాట.” క్షౌరశాల వాళ్లబ్బాయి భూమిని మోకాళ్ల మీద నిలబెట్టాడు. చేతిమాటల పిల్ల లేచి నోరు మెదపలేదు. నడుము లాక్కోవడం, కళ్లజోడు పైనుంచి చూడడం, చూపుడువేలు ఆడించడం, బొజ్జ ముందుకు తోయడం, అంతే. చివర్లో ఆమె రెండు చేతులూ గాల్లో కలిసి విడిపోతే, అది “అదన్నమాట” అని తెలియనివాళ్లు ఆ గదిలో లేరు. అప్పుడు క్లాసు మొత్తం లేచి నిలబడి ఒక్కసారే నిక్కర్లు, గౌన్లు పైకి లాక్కుంది.

మాస్టారు స్టూలు మీద నుంచి పడ్డారు. ఆ చప్పుడుకు ఎవరూ ఇటు చూడలేదు.

అధికారి భుజాలు కదులుతున్నాయి. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. తిరిగినప్పుడు కళ్లు తుడుచుకుంటున్నాడు.

“ఎవరు నేర్పారమ్మా ఇది?”

“ఎవరూ నేర్పలేదు సార్” అంది వేలంపాట అమ్మాయి. “బడి గొంతుతో చదవమన్నారు. మా గొంతులైతే వేరే.”

“మీ గొంతులా? అవేవి?”

టీచరమ్మ పెద్దసారు వంక చూసింది. పెద్దసారు నేల వంక చూశారు. ఇక ఎలాగూ పోయేదే కదా అనుకుందేమో, ఆమె పిల్లల వైపు తిరిగి, “వినిపించండర్రా” అంది.

బస్సు బయలుదేరింది. ఆకు పాటకొచ్చింది. భూమి కుర్చీలో తిరిగింది. పది వేళ్లు వాన కురిశాయి, ఆ వానకు క్లాసంతా చేతులు పట్టింది. అధికారి మధ్యమధ్య ఆపి, అదెందుకు, ఇదెందుకు అని అడుగుతున్నాడు. ఏ గొంతుతో అడిగినా పిల్లలు తమ గొంతులతో జవాబిస్తున్నారు. ఒక్క జవాబూ పుస్తకంలో ఉన్నట్టు లేదు, ఒక్కటీ తప్పు లేదు.

చివరికి క్షౌరశాల వాళ్లబ్బాయి కుదురుగా ఉండలేక, “మీ ఇంట్లో ఎలా మాట్లాడతారు సార్?” అనేశాడు.

అధికారి పుస్తకం అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. అంత పొడుగాటి మనిషిలోంచి ఒక సన్నటి గయ్యాళి గొంతు బయటికొచ్చింది.

“ఒరే, నీళ్లని ఎండలో పెట్టకురా అంటే విన్నావా? ఇప్పుడు చూడు, ఎటుపోయాయో. నేను పోయాక తెలుస్తుంది నీకు మేఘం విలువ. వచ్చేటప్పుడు తడుస్తూ రా, నాకేం, నేను తల తుడవను. ఇటు రా, ముందు తల తుడవనీ.”

“అమ్మ” అన్నాడు పుస్తకం మూసేసి. “మా అమ్మ.”

వెళ్లేటప్పుడు పెద్దసారుతో గుమ్మంలో ఆయన అన్నది ఒక్కటే మాట. “ఈ క్లాసు ఈవిడ దగ్గరే ఉండనివ్వండి.” ఆ సాయంత్రం పెద్దసారు గదిలోంచి ఎవరినో జోకొడుతున్నట్టు, భూమి తిరుగుడు పాఠం మెల్లగా వినబడిందని గంట కొట్టే తాత చెప్పాడు. ఆ తాత మాటల్ని ఎవరూ పూర్తిగా నమ్మరు. తరవాత మాత్రం సామాన్ల గది ఊసు పెద్దసారు ఎత్తలేదు.

ఆ రోజు చివరి పీరియడ్‌లోనే చెక్క మీద టక్ మంది. మాస్టారు అడగకుండానే సుద్ద వచ్చింది.

“మాస్టారూ, ఇక్కడే ఉన్నాను.”

“వినపడుతూనే ఉందండీ.”

అలా వినపడుతూనే గడిచింది. కండక్టరుగారు ఒక సెలవురోజున బడికొచ్చి, “మావాడు నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని చెయ్యెత్తానమ్మా. దించేలోపు మేఘం దాకా తీసుకెళ్లాడు” అని చెప్పి వెళ్లాడు. వాడు ఆ తరవాత ఎవరడిగినా మా నాన్న కండక్టరనే చెప్పేవాడు, అడగకపోయినా చెప్పేవాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు, కొత్త పిల్లలు కొత్త గొంతులు తెచ్చారు, పెద్దసార్లు మారారు. చెక్కగోడ తీసి ఇటుకగోడ కడతామని ఎవరో ఒకరు అంటూనే ఉండేవారు. “మాకేం ఇబ్బంది లేదండీ” అని ఇటునుంచి మాస్టారూ, అటునుంచి టీచరమ్మా ఒకేసారి అనేవారు.

ఆమె పోయిన వారంలో మాస్టారు ఇంటికి ఒకావిడ వచ్చింది. గుమ్మంలో నిలబడి చేతులతో పలకరిస్తే గానీ ఆయన గుర్తుపట్టలేదు. నేల చూపుల పిల్ల. మాస్టారి భార్య ఆమెను లోపలికి తీసుకొచ్చి కూర్చోబెట్టింది. ముగ్గురూ తనిఖీ రోజును మళ్లీ మొత్తం ఆడించుకుని, కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు. ఎక్కడ నవ్వు ఆగి ఎక్కడ రెండోది మొదలైందో ముగ్గురిలో ఎవరూ గమనించలేదు.

“ఒకటి మాత్రం ఎప్పుడూ అడగలేదు” అన్నారు మాస్టారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. “అందరి ఇంటి గొంతులూ పలికించింది. ఆవిడ ఇంటి గొంతు ఏదో.”

వచ్చినావిడ ఆయన వంక వింతగా చూసింది. “మీదే కదా సార్.”

“నాదేంటమ్మా?”

“మీకు తెలీదా? మీరు బడికి రాని రోజున మేం అడిగాం, మీ ఇంటి గొంతు కూడా వినిపించండి టీచర్ అని. నాకు ఇంట్లో ఎవరూ లేరర్రా, పొద్దంతా వినే గొంతు ఒక్కటే అని చెక్కగోడ వైపు చూపించి, పాఠమంతా మీలా చదివారు. ఎండని ఇటు తెచ్చుకున్నావా, నీటికి గుర్తు మార్చావా, మేఘం ప్రాణం హాయిగా ఉందా అని. మా తరవాత ప్రతి క్లాసుకీ బడి తెరిచిన రోజు మొదటి పీరియడ్‌లో అదేనట సార్. మీరు పుస్తకాల కోసం వెళ్లేదాకా ఆగి మొదలుపెట్టేవారు.”

మాస్టారి భార్య ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

“గుర్తు మార్చావా అనేముందు మీరు చిన్నగా ఒక దగ్గు దగ్గుతారు చూడండి” అంది వచ్చినావిడ. “అది సరిగ్గా కుదరకపోతే టీచర్ ఒప్పుకునేవారు కాదు. మళ్లీ మొదటి నుంచి చదివేవారు.”

అప్పటిదాకా, తాను దగ్గుతానన్న సంగతే మాస్టారుకు తెలియదు.